పురుగు చేరితే పేగు లోపలి పొర సెల్స్ ఏం చేస్తాయి? (ఇమ్యూన్ సెల్స్ సంగతి కాదు, పొర సంగతే)

సెమినార్_టెన్షన్:

అందరికీ హాయ్. ఎమ్మెస్సీ జువాలజీ, పారాసైటాలజీలో సెమినార్ ఇవ్వాలి. టాపిక్ పేగు పరాన్నజీవులు, మన ఒంట్లో వాటికి వచ్చే రెస్పాన్స్. ఏ పుస్తకం తెరిచినా ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి, ఐజీఈ యాంటీబాడీ పెరుగుద్ది, మాస్ట్ సెల్స్ అనే ఇమ్యూన్ సెల్స్ పగుల్తాయి అని రెండు పేరాల్లో తేల్చేస్తున్నారు. కానీ పురుగు ముందు తగిలేది పేగు లోపలి పొరకే కదా, అది చూస్తే ఒక్క సెల్ మందం, మరి ఆ సెల్స్ ఎవరో వచ్చి కాపాడతారులే అని ఊరికే కూర్చుంటాయా లేక వాటికీ ఏమన్నా పని ఉందా అనేది నా మొదటి డౌట్.

రెండోది, బ్యాక్టీరియా అయితే తెల్లకణం మింగేసుద్ది, వైరస్ అయితే అది దూరిన సెల్‌ని చంపేస్తే సరిపోద్ది. పురుగు ఒక్కో సెల్ పక్కన కొండంత ఉంటది, దాన్ని మింగేదెవరు, చంపేదెవరు? అసలు అది వచ్చిందని సెల్స్‌కి ఎట్లా తెలుసుద్ది?

మూడోది, ఎలకల్లో నిప్పోస్ట్రాంగైలస్ అనే పురుగు మీద ఒక గ్రాఫ్ చూశా. పురుగులు పేగులోకి దిగాక మొదట్లో కొన్ని రోజులు లెక్క పెద్దగా కదలట్లేదు, ఆ తర్వాత ఒక్కసారి ధబీమని పడిపోయింది. ఆ మధ్యలో ఏం జరుగుతున్నట్టు? ఎవరైనా ఓపిగ్గా చెప్తే పుణ్యం ఉంటది.

క్రిప్ట్_అండ్_విల్లస్:

ఊరికే కూర్చోవు తమ్ముడూ. పురుగుల విషయంలో అయితే మొదటి కబురు పంపేదీ అవే, చివర్లో పురుగుని బయటికి గెంటేదీ అవే, ఇమ్యూన్ సెల్స్ మధ్యలో కబురు అందుకుని మళ్లీ పొరకే తిప్పి పంపుతాయి. (కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నా. పేగు ఆర్గనాయిడ్స్ మీద, అంటే ల్యాబ్ డిష్‌లో స్టెమ్ సెల్స్ నుంచి పెంచే చిట్టి పేగుల మీద పని చేసేదాన్ని, పొర వైపే మాట్లాడతా మరి.)

ముందు పొర ఎట్లా ఉంటుందో చూడు. చిన్నపేగు లోపల పైకి లేచి ఉండేవి విల్లైలు, వాటి మొదట్లో గుంటలు క్రిప్ట్‌లు. క్రిప్ట్ అడుగున స్టెమ్ సెల్స్ ఉంటాయి, వీటిని 2007లో హాన్స్ క్లెవర్స్ ల్యాబ్ వాళ్లు ఎల్‌జీఆర్5 అనే గుర్తుతో పట్టుకున్నారు. ఇవి ఆగకుండా విభజన అవుతూనే ఉంటాయి, పుట్టిన సెల్స్ పైకి జరుగుతూ జరుగుతూ ఏదో ఒక రకంగా మారతాయి, ఎక్కువ భాగం పోషకాలు పీల్చుకునే ఎంటరోసైట్లు, కొన్ని మ్యూకస్ వదిలే గోబ్లెట్ సెల్స్, ఇంకొన్ని హార్మోన్లు వదిలేవి. పానెత్ సెల్స్ మాత్రం కిందకి దిగి క్రిప్ట్ అడుగునే ఉండిపోయి క్రిముల్ని చంపే పెప్టైడ్లు వదుల్తుంటాయి. పైకెళ్లినవి విల్లస్ కొసకి చేరి రాలిపోతాయి. పుట్టిన దగ్గర్నుంచి రాలేదాకా మొత్తం మూడు నుంచి ఐదు రోజులు. ఈ అంకె గుర్తుపెట్టుకో, నీ గ్రాఫ్ సంగతి దీనిమీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు టఫ్ట్ సెల్స్. నెత్తిమీద కుచ్చులాగా మందపాటి మైక్రోవిల్లైలు ఉండే సెల్స్ ఇవి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో 1956లోనే కనపడ్డాయి, కానీ పేగులో ఇవి చేసే పనేంటో అరవై ఏళ్లు తేలలేదు. మామూలు ఎలక పేగులో నూటికి ఒకటో, అంతకన్నా తక్కువో ఉంటాయి, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు కూడా. 2016లో మూడు గ్రూపులు దాదాపు ఒకేసారి బయటపెట్టాయి, శాన్ ఫ్రాన్సిస్కోలో రిచర్డ్ లాక్స్‌లీ గ్రూపు, ఫ్రాన్స్‌లో ఫిలిప్ జే గ్రూపు, హార్వర్డ్‌లో వెండీ గారెట్ గ్రూపు. తేలిందేంటంటే పేగు పొరలో ఐఎల్-25 అనే సైటోకైన్‌ని (సెల్స్ మధ్య కబురు మోసే ప్రోటీన్) తయారుచేసేది ఈ టఫ్ట్ సెల్సే. పురుగు వచ్చినప్పుడు ఆ ఐఎల్-25 పొర కిందున్న ఐఎల్‌సీ2 అనే ఇమ్యూన్ సెల్స్‌కి తగులుతుంది, అవి ఐఎల్-13 అనే ఇంకో సైటోకైన్ వదుల్తాయి, ఆ ఐఎల్-13 వెళ్లి మళ్లీ క్రిప్ట్‌లో స్టెమ్ సెల్స్ మీదా వాటి పిల్లల మీదా పని చేస్తుంది. దాంతో కొత్తగా పుట్టే సెల్స్‌లో గోబ్లెట్, టఫ్ట్ వాటా పెరిగిపోతుంది. టఫ్ట్ పెరిగితే ఐఎల్-25 ఇంకా పెరుగుతుంది, అది పెరిగితే ఐఎల్-13 ఇంకా, అట్లా చక్రం తిరిగి తిరిగి నూటికి ఒకటి ఉన్న టఫ్ట్ సెల్స్ సుమారు పది రెట్ల దాకా వెళ్తాయి.

నీ మూడో డౌట్‌కి వస్తా. ఉన్న ఎంటరోసైట్లు ఉన్నచోటే గోబ్లెట్‌గా మారిపోతే అయిపోయేది, కానీ జరిగేది అది కాదు. మార్పు పుట్టుక దగ్గర మొదలవుతుంది. అంటే కబురు క్రిప్ట్‌కి చేరాలి, అక్కడ కొత్త సెల్స్ పుట్టాలి, అవి గోబ్లెట్‌గా తయారవ్వాలి, పైకి జరగాలి, పాతవి రాలిపోవాలి. నిప్పోస్ట్రాంగైలస్ చర్మంలోంచి దూరి ఊపిరితిత్తుల మీదుగా మూడు నాలుగు రోజులకి పేగుకి వస్తుంది, ఎనిమిది నుంచి పది రోజుల్లో బయటికి పోతుంది. మధ్యలో మిగిలిన రోజుల్ని పొర మారడానికి పట్టే టైమ్‌తో పోల్చుకో. గ్రాఫ్‌లో లెక్క కదలట్లేదంటే పేగు నిద్రపోతోందని కాదు, కింద పొర మొత్తం కొత్తగా తయారవుతోంది. టఫ్ట్ సెల్స్ పుట్టడానికి పీఓయూ2ఎఫ్3 అనే జీన్ కావాలి, అది తీసేసిన ఎలకల్లో ఈ చక్రం మొదలే కాదు, పురుగులు చాలా రోజులు అట్లాగే ఉండిపోతాయి.

ఇక చంపడం అంటావా, పేగు దాని జోలికే పోదు. పురుగు అక్కడ నిలవలేకుండా చేస్తుంది, అంతే. గోబ్లెట్ సెల్స్ మ్యూకస్ గుమ్మరిస్తాయి, దాంతోపాటు రెల్మ్ బీటా అనే ప్రోటీన్ వదుల్తాయి, అది పురుగు తిండి తినడాన్ని దెబ్బ కొడుతుంది. పొర సెల్స్ క్లోరైడ్, దాని వెనకాల నీళ్లు పేగులోకి వదుల్తాయి, దీనికి టఫ్ట్ సెల్స్ వదిలే ఎసిటైల్‌కోలిన్ కూడా కారణమని 2024లో చూపించారు. కింద నునుపు కండరం గట్టిగా ముడుచుకోవడం మొదలెడుతుంది, దానికీ ఐఎల్-13, ఐఎల్-4లే కారణం. నీళ్లు, జిగురు, తోపు, మూడూ కలిసి పురుగుని కిందకి ఊడ్చేస్తాయి.

ఊరికే_చదివేవాడు:

చాలా బాగా చెప్పారు మేడం. ఒక చిన్న డౌట్, ఈ టఫ్ట్ సెల్స్‌లో నాలుక మీదుండే రుచి ప్రోటీన్లే ఉంటాయని ఎక్కడో చదివా, నిజమేనా? అంటే పేగు పురుగుని రుచి చూసి పట్టేస్తుందా 😀

క్రిప్ట్_అండ్_విల్లస్:

నవ్వుకోవడానికి బాగుంది గానీ నిజమే. నాలుక మీద చేదు, తీపి పట్టే సెల్స్ లోపల సిగ్నల్ మోసే గస్ట్‌డూసిన్, టీఆర్‌పీఎమ్5 టఫ్ట్ సెల్స్‌లో కూడా ఉంటాయి. టీఆర్‌పీఎమ్5 లేని ఎలకల్లో ఈ రెస్పాన్స్ దెబ్బతింటుంది.

దీని వెనక ఒక సరదా సంగతి ఉంది. గారెట్ గ్రూపు వాళ్లు సొంత ల్యాబ్‌లో పెంచిన ఎలకల్లో టఫ్ట్ సెల్స్ ఎక్కువ ఉన్నాయి, బయటి కంపెనీ దగ్గర కొన్న ఎలకల్లో తక్కువ ఉన్నాయి. జీన్స్ అవే, మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతికితే ల్యాబ్ ఎలకల పేగులో ట్రైట్రైకోమోనాస్ అనే ఏకకణజీవి కాపురం పెట్టి ఉంది. జబ్బూ లేదు, లక్షణాలూ లేవు, హాయిగా బతికేస్తోంది. 2018లో తెలిసిందేంటంటే అది సక్సినేట్ అనే చిన్న ఆమ్లాన్ని వదుల్తుంది, టఫ్ట్ సెల్ మీద దానికి ఎస్‌యూసీఎన్‌ఆర్1 అనే రిసెప్టర్ ఉంది. అసలు ఏ పరాన్నజీవీ లేకుండా తాగే నీళ్లలో సక్సినేట్ కలిపి ఇచ్చినా ఎలకల పేగులో టఫ్ట్ సెల్స్ పెరిగిపోయాయి!

అయితే అన్నిటికీ ఇదే దారి అనుకోవద్దు. ఎస్‌యూసీఎన్‌ఆర్1 తీసేసిన ఎలకలు ట్రైట్రైకోమోనాస్‌ని పట్టుకోలేవు గానీ నిప్పోస్ట్రాంగైలస్‌కి మాత్రం మామూలుగానే రెస్పాండ్ అయ్యాయి. అంటే పురుగుని పట్టే దారి వేరు.

ఇంకో విషయం కూడా చెప్పేస్తా. ట్రైట్రైకోమోనాస్ ఉన్న ఎలకల పేగులో ఈ చక్రం ముందే తిరుగుతుంటుంది కాబట్టి పైనుంచి పురుగు వచ్చినా దానికి అంత సులువుగా చోటు దొరకదు. అంతేకాదు, అట్లా చక్రం ఎక్కువ కాలం తిరిగిన ఎలకల్లో చిన్నపేగు పొడవు కూడా పెరిగింది.

మైక్రో_డెస్క్:

మేడం చెప్పింది అంతా పురుగుల లెక్క. సెమినార్ టాపిక్ పేగు పరాన్నజీవులు అన్నారు కాబట్టి ఏకకణ జీవుల్ని వదిలేస్తే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు. నేను హాస్పిటల్ మైక్రోబయాలజీలో ఉంటా, మాకు స్లైడ్ మీద ఎక్కువ కనిపించేవి ఇవే. నా దృష్టిలో ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, పరాన్నజీవి సెల్‌కి ఎక్కడ ఉంది? పైనా, లోపలా, లేక సెల్‌నే తింటోందా? దాన్నిబట్టి సెల్ చేయగలిగేది మొత్తం మారిపోతుంది.

లోపల ఉండేదానితో మొదలెడతా, క్రిప్టోస్పోరిడియం. నిజానికి ఇది పూర్తిగా లోపలా కాదు, పూర్తిగా బయటా కాదు. ఎంటరోసైట్ పైపొర కిందకి దూరి, సైటోప్లాజమ్‌లోకి మాత్రం దిగకుండా అక్కడే ఒక బుడగలో ఉండిపోతుంది, అడుగున ఫీడర్ ఆర్గనెల్ అని ఒకటి పెట్టుకుని సెల్ నుంచి కావాల్సింది లాగుతుంది. ఇక్కడ మ్యూకస్ గుమ్మరిస్తే ఏం లాభం, ఆల్రెడీ దూరిపోయింది. కాబట్టి ఇక్కడ వేరే కథ నడుస్తుంది. ఎంటరోసైట్ లోపలే ఎన్‌ఎల్‌ఆర్‌పీ6 అనే సెన్సర్ ఉంది, అది ఇన్‌ఫ్లమసోమ్ అనే అలారం ప్రోటీన్ల గుంపుని లేపుతుంది, ఐఎల్-18 అనే సైటోకైన్ బయటికొస్తుంది, ఆ ఐఎల్-18కి చుట్టుపక్కల లింఫాయిడ్ సెల్స్ (ఒక రకం ఇమ్యూన్ సెల్స్) ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో సైటోకైన్ వదుల్తాయి, అది మళ్లీ ఎంటరోసైట్‌కే తగిలి లోపలున్న పరాన్నజీవి పెరగకుండా అడ్డుకుంటుంది. దీనికన్నా ముందు మొదటి గంటల్లో ఇంటర్‌ఫెరాన్ లాంబ్డా కూడా వస్తుంది, మామూలుగా వైరస్‌లకి వచ్చే రకం అది. గమనించారా, కబురు పుట్టేదీ ఎంటరోసైట్‌లోనే, చివరికి పని జరిగేదీ ఎంటరోసైట్‌లోనే. ఆ లెక్కన మేడం పైన చెప్పిన మాట ఇక్కడా నిలబడుతుంది.

కానీ దీనికి మూల్యం ఉంది. ఇన్ఫెక్ట్ అయిన సెల్స్ గబగబా రాలిపోతాయి, విల్లైలు పొట్టిగా మొద్దుబారిపోతాయి, ఆ లోటు పూడ్చడానికి క్రిప్ట్‌లు లోతుగా పెరుగుతాయి, పీల్చుకునే చోటు తగ్గిపోయి నీళ్ల విరేచనాలు. మామూలు మనుషుల్లో రెండు వారాల్లో తగ్గుద్ది. ఎయిడ్స్ ఉన్నవాళ్లలో టీ సెల్స్ లేక నెలలు సాగుద్ది. చిన్నపిల్లల్లో తేలిగ్గా తీసుకోవద్దు, ఆఫ్రికా, దక్షిణాసియా పిల్లల మీద 2013లో వచ్చిన పెద్ద స్టడీలో తీవ్రమైన విరేచనాలకి ముఖ్యమైన నాలుగు కారణాల్లో ఇదొకటి. క్లోరిన్‌కి చావదు. అమెరికాలో మిల్వాకీలో 1993లో నీళ్ల సరఫరాలోకి వెళ్లినప్పుడు నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారని అంచనా.

పైన ఉండేది జియార్డియా. దూరదు, కొరకదు, కడుపు కింద డిస్క్‌తో ఎంటరోసైట్ మీద అతుక్కుంటుంది, అంతే. 1681లో లేవెన్‌హుక్ తన విరేచనంలోనే దీన్ని చూశాడు, చూడండి ఎంత పాత పరిచయమో. అతుక్కోవడంతోనే సెల్స్‌ని ఒకదానికొకటి బిగించి ఉంచే టైట్ జంక్షన్లు వదులైపోతాయి, కొన్ని సెల్స్ అపాప్టోసిస్‌తో, అంటే తమను తామే చంపుకుని పోతాయి, మైక్రోవిల్లైలు పొట్టిబడతాయి. తమాషా ఏంటంటే ఆ మైక్రోవిల్లైలు పొట్టిబడటంలో మన సీడీ8 టీ సెల్స్ చేయి కూడా ఉంది, మొత్తం జియార్డియా మీద తోసెయ్యడానికి లేదు. ఎంటరోసైట్ దానిమీదకి నైట్రిక్ ఆక్సైడ్ వదలాలని చూస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారవ్వాలంటే ఆర్జినిన్ కావాలి, ఆ ఆర్జినిన్‌ని జియార్డియా ముందే లాగేసి తినేస్తుంది. పైగా ఒంటిమీది ప్రోటీన్ కోటు మారుస్తూ పోతుంది కాబట్టి యాంటీబాడీలకి దొరకడమూ కష్టమే.

మూడోది ఎంటమీబా హిస్టోలిటికా. ఇది ఉన్న చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, అది మ్యూకస్ దాటనంతవరకే. చక్కెరలకి అంటుకునే లెక్టిన్ అనే ప్రోటీన్‌తో మ్యూసిన్‌ని (మ్యూకస్‌లోని ముఖ్య ప్రోటీన్) పట్టుకుంటుంది, సిస్టీన్ ప్రోటియేజ్‌లు అనే ప్రోటీన్ కోసే ఎంజైమ్‌లతో దాన్ని కోస్తుంది, సెల్‌కి చేరిందంటే బతికున్న సెల్‌ని ముక్కలు ముక్కలుగా కొరుకుతుంది. 2014 పేపర్‌లో చూపించారు, కొరుకుతూ కొరుకుతూ సెల్ చచ్చాక తినడం ఆపేసి ఇంకో బతికున్నదాని మీదకి పోతుంది. ఇంకా ఘోరం, అట్లా కొరికిన సెల్ పైపొర ప్రోటీన్లని తన ఒంటిమీద తగిలించుకుని మన కాంప్లిమెంట్ సిస్టమ్ (రక్తంలో ఉండి క్రిముల్ని చంపే ప్రోటీన్లు) నుంచి తప్పించుకుంటుంది. ఈ దశలో పేగు సెల్ చేయగలిగింది చాలా తక్కువ, దాని చేతిలో ఉన్న అసలు ఆయుధం మ్యూకస్సే, అది పోయాక అల్సరే.

అనుమానాల_దాసు:

ఇదంత మంచిగనే ఉంది గానీ నాకొకటి సమజైతలేదు. ఎలుకలల్ల పది దినాలల్ల పురుగు బయటపడుతదంటున్రు. మరి మనుషులల్ల ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడా పురుగులు ఏండ్లకేండ్లు ఎందుకుంటున్నయ్? మట్టి ద్వారా వచ్చే పురుగులు ప్రపంచంల 150 కోట్ల మందికి ఉన్నయని డబ్ల్యూహెచ్‌ఓ నే చెప్తున్నది. గీ టఫ్ట్ సెల్సు, గీ చక్రం అంత గొప్పదైతే అంతమందికి ఎట్లున్నయ్? నాకైతే ఇది ఎలుకల కథ లెక్కనే కొడుతున్నది.

క్రిప్ట్_అండ్_విల్లస్:

దాసన్నా, అడగాల్సిన ప్రశ్నే. ఒక్క ముక్కలో తేలదు, కొంచెం ఓపిక పట్టు.

ఒకటి, నిప్పోస్ట్రాంగైలస్ మనం ఇక్కడ ఎలకలు అంటున్న ల్యాబ్ చిట్టెలుకల సొంత పురుగే కాదు, అది మామూలుగా పెద్ద ఎలకల్లో ఉండే పురుగు, ల్యాబ్ చిట్టెలుకలో దానికి సరిగ్గా కుదరదు. అందుకే తొందరగా ఊడిపోతుంది. చిట్టెలుకకి సొంత పురుగు హెలిగ్మోసోమాయిడీస్, అది నెలల తరబడి ఉంటుంది, అచ్చం మనుషుల్లో జరిగినట్టే. ఎందుకుంటుందంటే అది పొరతో ఆడుకుంటుంది. పొర దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే ఐఎల్-33 అనే ఇంకో అలారం ఉంది, ఈ పురుగు దాన్ని పట్టి బంధించే ప్రోటీన్‌ని వదుల్తుంది, అదీ చాలదన్నట్టు ఆ ఐఎల్-33 రిసెప్టర్‌ని మూసే ఇంకో ప్రోటీన్, ఇమ్యూన్ రెస్పాన్స్‌ని తగ్గించే మన టీజీఎఫ్ బీటా అనే సైటోకైన్‌ని అనుకరించే మరొకటి. ఆర్గనాయిడ్స్‌లో ఈ పురుగు వదిలే ద్రవం వేస్తే ఐఎల్-13 ఇచ్చినా టఫ్ట్ సెల్స్ సరిగ్గా పెరగవు. అంటే చక్రాన్ని ఆపడానికి ఇన్ని ఏర్పాట్లు చేసుకుంది. చక్రం పనికిరానిదైతే పురుగుకి ఇంత ఖర్చు దేనికి చెప్పు?

ఇదే పురుగు లార్వా పేగు గోడలోకి దిగినచోట ఇంకో వింత జరుగుతుంది. దానిపైనున్న క్రిప్ట్‌లలో స్టెమ్ సెల్స్ ఎల్‌జీఆర్5 గుర్తు వదిలేసి, కడుపులో బిడ్డగా ఉన్నప్పటి పేగు సెల్స్‌లో కనపడే జీన్స్‌ని మళ్లీ తెరుస్తాయి. 2018 నాటి మాట. ఇది ఇంటర్‌ఫెరాన్ గామా వల్ల జరుగుతుంది. గాయం పూడ్చుకునే ప్రయత్నమే గానీ ఆ చోట గోబ్లెట్, టఫ్ట్ పుట్టడం మాత్రం పడిపోతుంది. నాకు పర్సనల్‌గా ఈ మొత్తం ఫీల్డ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన రిజల్ట్ ఇదే.

రెండోది, ఏ రకం కబురు వెళ్లిందనేది. కొరడా పురుగు తలవైపు పొర సెల్స్ లోపల సొరంగం తవ్వుకుని ఉంటుంది. ఎలకల్లో దీని సాటి ట్రైక్యూరిస్ మ్యూరిస్. గుడ్లు ఎక్కువ ఇస్తే ఐఎల్-13 వైపు రెస్పాన్స్ వచ్చి పురుగు పోతుంది, తక్కువ ఇస్తే ఇంటర్‌ఫెరాన్ గామా వైపు వెళ్లి పురుగు స్థిరపడిపోతుంది. మనుషులకి ఎప్పుడూ కొద్దికొద్దిగానే కదా గుడ్లు లోపలికెళ్లేది. 2005లో మాంచెస్టర్ వాళ్లు దీని లోపలి సంగతి చూపించారు. పురుగుని తోసెయ్యగలిగే ఎలకల్లో పొర సెల్స్ మామూలుకన్నా వేగంగా పుట్టి పైకి జరుగుతాయి, సొరంగం ఉన్న సెల్స్‌తో పాటు పురుగు కూడా ఎస్కలేటర్ ఎక్కినట్టు బయటికి పోతుంది. ఇంటర్‌ఫెరాన్ వైపు వెళ్లిన ఎలకల్లో సీఎక్స్‌సీఎల్10 అనే అణువు ఆ వేగాన్ని తగ్గించేస్తుంది. దాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే ఆ ఎలకలు కూడా పురుగుని వదిలించుకున్నాయి. అదే పురుగు, అదే పేగు, కబురు మారింది అంతే.

దీనికే ఇంకో తోక. ట్రైక్యూరిస్ బయటికి పోయేటప్పుడు పెద్దపేగు గోబ్లెట్ సెల్స్ ఎమ్‌యూసీ5ఏసీ అనే మ్యూసిన్ తయారుచేస్తాయి, మామూలుగా అది పొట్టలోనూ శ్వాసనాళాల్లోనూ ఉండే రకం, పేగులో ఉండదు. ఆ ఒక్క మ్యూసిన్ జీన్ తీసేస్తే మిగతా ఇమ్యూన్ రెస్పాన్స్ అంతా బలంగా ఉన్నా పురుగు పోదు. అందుకే ఊరికే మ్యూకస్ పెరుగుద్ది అని సెమినార్‌లో రాసేయకు తమ్ముడూ, ఏ మ్యూకస్ అనేది ముఖ్యం.

మనుషుల సంగతి అంటావా దాసన్నా, మనిషి పేగులోనూ టఫ్ట్ సెల్స్ ఉన్నాయి, మనిషి ఆర్గనాయిడ్స్‌కి ఐఎల్-4, ఐఎల్-13 ఇస్తే అవి పెరుగుతాయి. 2024లో క్లెవర్స్ గ్రూపే ఇంకో అడుగు వేసి, మనిషి టఫ్ట్ సెల్ రేడియేషన్ దెబ్బని తట్టుకుని అవసరమైతే స్టెమ్ సెల్‌లా మిగతా రకాలన్నిటినీ పుట్టించగలదని చూపించింది. కాబట్టి పూర్తిగా ఎలకల కథ అని కొట్టెయ్యకు.

అనుమానాల_దాసు:

కొరడా పురుగు ముచ్చట బాగ సమజైంది అక్కా. అంటే పేగు ఓడిపోతున్నది కాదు, తప్పు మందు ఏసుకుంటున్నది అన్నట్టు. మాత్ర ఏసుకున్నా మళ్లమళ్ల ఎందుకు వస్తయో గిప్పుడు అర్థమైతున్నది, మాత్ర పురుగునే పడగొడ్తది గని పేగు చదివే కబురును మార్వది.

సెమినార్_టెన్షన్:

అక్కా, సార్, అందరికీ పెద్ద దండం 🙏 ఇంకో రెండు డౌట్లు మిగిలాయి. క్రిప్టోకి ఇంటర్‌ఫెరాన్, పురుగుకి ఐఎల్-13 అన్నారు, మరి పొర సెల్స్ లెవెల్లో ఈ తేడాని ఎవరైనా ఒకే ఎక్స్‌పెరిమెంట్‌లో పక్కపక్కన పెట్టి చూశారా? ఇంకోటి, ఆ చక్రం తిరుగుతా పోతే టఫ్ట్ సెల్స్ పేగంతా నిండిపోవా, ఆపేదెవరు?

క్రిప్ట్_అండ్_విల్లస్:

చూశారు. 2017లో ఎలక చిన్నపేగు సెల్స్‌ని ఒక్కొక్కటిగా విడదీసి ఏ సెల్‌లో ఏ జీన్ తెరుచుకుందో చూసిన పెద్ద పేపర్ వచ్చింది, నేచర్‌లో. అందులో ఒక గుంపు ఎలకలకి సాల్మొనెల్లా, ఇంకో గుంపుకి హెలిగ్మోసోమాయిడీస్ ఇచ్చారు. బ్యాక్టీరియా వచ్చినచోట పానెత్ సెల్స్, ఎంటరోసైట్లు పెరిగాయి, పురుగు వచ్చినచోట గోబ్లెట్, టఫ్ట్ పెరిగాయి. నీ సెమినార్‌కి ఒకే ఒక్క బొమ్మ పెట్టుకోవాలంటే అది పెట్టుకో. కాకపోతే అందులో క్రిప్టో లేదు, కాబట్టి దాన్ని క్రిప్టోకి అంటగట్టి చెప్పకు, అది మైక్రో డెస్క్ గారు చెప్పినట్టు విడిగానే చెప్పు.

ఆపేదాని సంగతి, చక్రానికి బ్రేకులు రెండు వైపులా ఉన్నాయి. ఐఎల్‌సీ2 సెల్స్‌లో ఏ20 అనే ప్రోటీన్ ఒకటి. పొర వైపు, ఐఎల్-13 తగిలినప్పుడే బీఎమ్‌పీ అనే సిగ్నల్ కూడా పెరుగుతుంది, అది టఫ్ట్ సెల్స్ మరీ ఎక్కువ పుట్టకుండా పట్టి ఉంచుతుంది. పైగా పురుగు పోయాక పాత టఫ్ట్ సెల్స్ కూడా ఎటూ రాలిపోతాయి.

ఊరికే_చదివేవాడు:

మైక్రో డెస్క్ సార్, మా బంధువుల్లో ఒకాయనకి జియార్డియా వచ్చింది, మందు కోర్స్ పూర్తయింది, టెస్ట్ నెగెటివ్ వచ్చింది, అయినా పాలు తాగితే చాలు కడుపు ఉబ్బరం, మోషన్స్. టెస్ట్ తప్పా లేక పేగు ఇంకా కోలుకోలేదా?

మైక్రో_డెస్క్:

ఆయన్ని చూడకుండా చెప్పలేను గానీ పాలు అన్నారు కాబట్టి ముందు గుర్తొచ్చేది లాక్టేజ్. లాక్టోజ్‌ని విరగ్గొట్టే ఆ ఎంజైమ్ ఎంటరోసైట్ మైక్రోవిల్లై కొసల్లోనే ఉంటుంది, జియార్డియా దెబ్బ కొట్టేదీ సరిగ్గా అక్కడే. పరాన్నజీవి పోయినా ఆ ఎంజైమ్ తిరిగి పూర్తిగా రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఈలోపు పాలు పడవు. చాలామందికి ఇది దానంతటదే సర్దుకుంటుంది.

టెస్ట్ గురించి, ఒక్క శాంపిల్‌లో కనపడకపోతే లేదని కాదు, జియార్డియా సిస్ట్‌లు (మలంలో బయటికి వచ్చే దాని గట్టి పెంకు రూపాలు) రోజూ ఒకేలా పడవు, వేర్వేరు రోజుల్లో ఇచ్చిన శాంపిల్స్ చూడటమో, దాని ప్రోటీన్లని పట్టే యాంటీజెన్ టెస్టో మేలు. ఇవన్నీ నెగెటివ్ వచ్చి కూడా ఇబ్బంది నెలలు సాగితే ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఆలోచించాలి. నార్వేలో బెర్గెన్‌లో 2004లో నీళ్ల ద్వారా జియార్డియా పాకినప్పుడు మూడేళ్ల తర్వాత వాళ్లని మళ్లీ అడిగితే జియార్డియా వచ్చినవాళ్లలో 46 శాతం మందికి ఐబీఎస్ లక్షణాలు ఉన్నాయి, రానివాళ్లలో 14 శాతం. కాబట్టి ఆయన ఊహించుకుంటున్నారని ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తున్నా మాత్రం ఆగకుండా గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించండి, అవి ఐబీఎస్ లక్షణాలు కావు. మళ్లీ మళ్లీ సొంతంగా మెట్రోనిడజోల్ (జియార్డియాకి వాడే మందు) కొని వేసుకోవడం మాత్రం వద్దని చెప్పండి.